మాస్టారి బావమరిది పేరు

ఆ రోజుల్లో నాకు ఐదు భాషలు వచ్చునని గట్టి ధీమా ఉండేది. అందులో తెలుగూ ఇంగ్లీషూ నిజంగానే వచ్చు. హిందీ ఆటోవాళ్ళతో బేరమాడేంత వచ్చు. కన్నడం, తమిళం సినిమాలకు సబ్‌టైటిల్స్ అక్కర్లేదనుకునేంత వచ్చు (అక్కరుందని తర్వాత తెలిసింది). కర్నూలు నుంచి విండ్సర్‌కి మాస్టర్స్ చదవడానికి వెళ్ళిన మొదటి చలికాలం, పార్ట్‌టైమ్ పని కోసం ఎక్కని గడప లేదు. కాఫీ షాపుల వాళ్ళెవరూ తిరిగి పిలవలేదు. చివరికి యూనివర్సిటీలోనే భాషాశాస్త్రం చెప్పే ఒక మేడమ్‌కి కంప్యూటర్ తెలిసిన మనిషి కావాలంటే అప్లై చేశాను. ఇంటర్వ్యూలో నా ఐదు భాషల సంగతీ విన్నవించుకున్నాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఆరోది నేర్చుకుంటావా?" అని అడిగారు. ఆ ఆరోది కోబోన్.

కోబోన్ అనే భాష ఒకటుందని అంతకు ముందు రోజు వరకూ నాకు తెలియదు. అది పాపువా న్యూగినీ కొండల్లో, చాలావరకు కాళ్ళకు పని చెప్పి చేరుకోవలసిన లోయల్లో, కొన్ని వేలమంది మాట్లాడుకునే భాష. మేడమ్ పడుచుతనంలో అక్కడ కొన్నేళ్ళు ఉండి, వాళ్ళతోపాటు చిలగడదుంపలు కాల్చుకు తిని, వాళ్ళ మాటలు టేపుల్లో పట్టుకొచ్చారు. ఆ రికార్డింగులు వింటూ ప్రతి వాక్యంలోనూ క్రియ ఎక్కడుందో కంప్యూటర్‌లో గుర్తుపెట్టడం నా పని. ఆ భాషలో క్రియలన్నీ కలిపి వందకు అటూఇటూగా ఉంటాయట. చూడడానికీ వినడానికీ తెలుసుకోవడానికీ ఒకటే క్రియ. కంటితోనా చెవితోనా అన్నది పక్కన చేర్చి చెబుతారు. మనం ఒక్క మాటలో తేల్చేసే 'తెచ్చాడు'ని వాళ్ళు వెళ్ళి, తీసుకుని, వచ్చి, పెట్టి అంటూ చిన్న చిన్న క్రియల్ని రైలుపెట్టెల్లాగా తగిలించి చెబుతారు. వందతో సంసారం ఎలా నెట్టుకొస్తున్నారో పాపం అని నాకు జాలేసింది. ఆ జాలిని నాలోనే ఉంచుకున్నా బాగుండేది. "మా తెలుగులో వేలకొద్దీ క్రియలున్నాయి" అన్నాను మేడమ్‌తో, తాతల నాటి మాగాణి గురించి చెబుతున్నట్టు.

"అయితే మీ ఇంట్లో మాటలు కాసేపు రికార్డు చేసి పట్టుకురా. మన ప్రోగ్రాం వాటిమీద ఎలా పనిచేస్తుందో చూద్దాం" అన్నారు ఆవిడ.

మా ఇల్లంటే ఒక బేస్‌మెంట్, అందులో నేనూ, నాకంటే ముందు వచ్చి ఉద్యోగంలో కుదురుకున్న వరంగల్ అక్కా. సాయంత్రం వంట చేసుకుంటూ ఫోను అల్మరామీద పెట్టి రికార్డు చేశాను. మర్నాడు మేడమ్, నేనూ పక్కపక్కన కూర్చుని వింటున్నాం. "కుక్కర్ ఆన్ చేసినవా?" అంటోంది అక్క. "చేశానక్కా. రైస్ వాష్ చేసి పెట్టినా" అంటున్నాను నేను. "ఆనియన్స్ కట్ చెయ్. నేను కార్ క్లీన్ చేసొస్త. ఇన్సూరెన్సోళ్ళకు కాల్ చెయ్యాలె." "నేను మెయిల్ చేసినా కదక్కా, వాళ్ళు ఇగ్నోర్ చేస్తాండారు." మేడమ్ తెరకేసి చాలాసేపు చూశారు. "ఈ 'చెయ్' అనేదేమిటి?" అని అడిగారు. చెప్పాను. "మిగతా వేలూ?" అని అడిగారు. ఉంటాయి కదా అని కిందికి స్క్రోల్ చేశాను (ఇదిగో, మళ్ళీ). అక్కడక్కడా ఒక పెట్టడం, ఒక రావడం తప్ప కనుచూపు మేరలో అంతా చెయ్యడమే. "కోబోన్ వాళ్ళూ ఇలాగే ఒక నామవాచకం ముందు పెట్టి, వెనక 'చెయ్' తగిలిస్తారు. మీరూ వాళ్ళూ చుట్టాల్లాగా ఉన్నారు" అన్నారు ఆవిడ. అందులో ఎగతాళి లేకపోవడం వల్ల నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఆవిడతో నాకు మరో ఇబ్బంది ఉండేది. కెనడాలో ప్రొఫెసర్లను పేరుపెట్టి పిలుస్తారు. మొదటి రోజే "నన్ను పేరుతో పిలువు" అని ఆవిడ చెప్పేశారు. కర్నూల్లో టీచరమ్మను పేరుపెట్టి పిలిచిన పిల్లకు ఇంటా బయటా ఏం జరుగుతుందో ఆవిడకు తెలియదు. పేరు నాలుక చివరిదాకా వచ్చేది, అక్కణ్ణుంచి వెనక్కి పోయేది. అందుకని ఆవిడ గదికి వెళితే తలుపు తట్టి దగ్గేదాన్ని. ఆవిడ కారిడార్లో ముందు నడుస్తుంటే, అడ్డదారిన చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుపడి "హాయ్" అనేదాన్ని. ఈ ఏర్పాటుతో ఏడాది గడిపేశాను. ఎవరూ కనిపెట్టలేదనే అనుకున్నాను.

మరుసటి శీతాకాలం మొదలవుతుండగా మాస్టారు వచ్చారు. కోబోన్ వాళ్ళ లోయలో బడిపంతులు, నడివయసు మనిషి. రికార్డింగుల్లో మేం చేసిన తప్పుల తడకను సరిచేయడానికి మేడమ్ కొన్ని వారాలకు పిలిపించారు. పొట్టిగా, గట్టిగా, నెరిసిన గడ్డంతో, ఒకదానిమీద ఒకటి రెండు కోట్లు తొడుక్కుని తిరిగేవారు. నేను ఆయన్ని 'మాస్టారూ' అనే పిలిచేదాన్ని. అర్థం చెప్పాక ఆ పిలుపు ఆయనకు బాగా నచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకు, మేడమ్ ఎదురుగానే, ఆయన నన్ను మెల్లగా ఇంగ్లీషులో అడిగారు. "ఈవిడ మీ అత్తగారా?"

"కాదే. ఎందుకలా అనిపించింది?"

"ఆవిడ పేరు పలకవు కదా. చుట్టూ తిరిగి వెళ్ళి ఎదురుగా నిలబడతావు. మా దగ్గర అత్తవారి వైపు వాళ్ళతో అలాగే ఉంటాం. వాళ్ళలో కొందరి పేర్లు నోటితో అనం. మీ దగ్గరా అంతేనేమో అనుకున్నాను."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వారు. నాకేమీ నవ్వు రాలేదు.

మాస్టారి తిరుగు ప్రయాణం ఒక శనివారం సాయంత్రం, టొరంటో నుంచి. మేడమ్ ఆ రోజు పొద్దున్నే ఏదో సదస్సుకు విమానమెక్కాలి. అందుకని ఆయన్ని విమానాశ్రయంలో దింపే పని నాకు అప్పగించారు. దారిలో మిల్టన్‌లో ఆగి ఆయన భార్య తమ్ముణ్ణి కలిపించాలని కూడా చెప్పారు. ఆ బావమరిది వాళ్ళ దేశంలో గనుల దగ్గర మెకానిక్ పని నేర్చుకుని, చాలా ఏళ్ళ కిందట కెనడా వచ్చేశాడు. "అన్నీ నేను చూసుకుంటాను" అని మేడమ్‌కి మాటిచ్చి, వరంగల్ అక్క పాత కారు అడిగి తీసుకుని, పొద్దున్నే బయల్దేరదీశాను.

హైవే మీద మాస్టారు దారి పొడుగునా కబుర్లు చెప్పారు. వాళ్ళ కొండల్లో మన మొగలి జాతి చెట్లుంటాయట, వాటి కాయల కోసం పైకెళ్ళినప్పుడు మామూలు మాటలు మాట్లాడకూడదట. మామూలు మాటలు వింటే కాయ చెడుతుందని, ఆ కొన్నాళ్ళూ ప్రతిదానికీ వేరే మాట వాడతారట. తర్వాత కాసేపు ఊరుకుని, అసలు సంగతి చెప్పారు. ఆయనకు లేకలేక ఆడపిల్ల పుట్టింది. తన తమ్ముడే పేరు పెట్టాలని ఆయన భార్య పంతం పట్టింది. ఫోన్లో అడుగుదామంటే, వాళ్ళకు సిగ్నల్ అందాలంటే గుట్టెక్కాలి, ఎక్కినా సగం మాటలు గాలికి పోతాయి. ఈ కెనడా ప్రయాణం కుదిరేసరికి, "వాడి ముందు నిలబడి, వాడి నోట విని రా" అని ఆవిడ పంపించింది. పిల్ల కూర్చోవడం కూడా నేర్చేసింది, ఇంకా పేరు లేదు. ఈసారి కలవకపోతే మళ్ళీ ఈ దేశం తనెప్పుడు వస్తాడో తెలియదన్నారు. మేనమామ పేరు పెట్టడమంటే నాకు వేరే చెప్పక్కర్లేదు. నాకూ పేరు పెట్టింది మా చిన్నమామే. కారు ఇంకాస్త వేగంగా తోలాను.

మిల్టన్ దగ్గరపడ్డాక, "అడ్రస్ చెప్పండి మాస్టారూ" అన్నాను. ఆయన పై కోటు జేబులు తడిమారు. లోపలి కోటు జేబులు తడిమారు. అడ్రసూ నంబరూ ఉన్న ఆయన ఫోను, ఆయన దిగిన మేడమ్ ఇంట్లో, వంటింటి కెటిల్ పక్కన, చార్జింగ్‌లో ఉంది. మేడమ్ ఆకాశంలో ఉన్నారు. అన్నీ చూసుకుంటానన్న నేను ఆ నంబరు రాసుకోలేదు. ఒక కిరాణా షాపు ముందు కారాపి, "ఏం పర్లేదు. ఆయన పేరు చెప్పండి, ఇంటర్నెట్‌లో వెతికి పట్టుకుందాం" అన్నాను.

మాస్టారు ఖాళీ జేబులు మళ్ళీ మొదటినుంచి తడమసాగారు. అప్పటికి గాని నాకు వెలగలేదు.

"ఇక్కడెవరు వింటారు మాస్టారూ? కారులో మనిద్దరమే కదా."

"నేను వింటాను కదా" అన్నారు ఆయన.

"పోనీ రాయండి." పెన్నూ, కాఫీ బిల్లు వెనక ఖాళీ కాగితమూ ఇచ్చాను. ఆయన పెన్ను పట్టుకుని నిజంగానే ప్రయత్నించారు. తర్వాత రెండూ తిరిగి ఇచ్చేశారు. "రాసేటప్పుడు లోపల పలుకుతున్నాను" అన్నారు. నాకు ఓపిక పోయింది. పాపకు పేరు కావాలంటారు, పేరు పెట్టేవాడి పేరు మాత్రం చెప్పరు, ఇదెక్కడి న్యాయమని అడిగాను. ఆయన కోపగించుకోలేదు. "మీ మేడమ్ పేరేమిటి?" అని అడిగారు. నోరు తెరిచాను. ఖాళీ కారు, కిటికీ అద్దాలు మూసి ఉన్నాయి, ఆవిడ ఎక్కడో మేఘాల్లో ఉన్నారు. అయినా రాలేదు. "అది వేరు" అన్నాను. "అవును" అన్నారు ఆయన, షాపు వైపు చూస్తూ.

అక్కకు ఫోన్ చేస్తే, "మా పిన్ని మిల్టన్లనే ఉంటది గదా, ముందుగాల ఆడికి పో. కడుపుల ఏమన్న పడ్డంక దిమాగ్ పనిజేస్తది" అంది. ఆ పిన్నిగారి ఇల్లు, ఒకే అచ్చులో పోసినట్టున్న టౌన్‌హౌసుల వరసలో ఒకటి (పక్కింటి బెల్లు కొట్టాక తెలిసింది). ఆంటీ మమ్మల్ని కూర్చోబెట్టి, వేడివేడి సర్వపిండి ముందు పెట్టి, సంగతంతా విన్నారు. మాస్టారు ఆ బియ్యప్పిండి రొట్టె తింటున్నారు, నేను గడియారం చూస్తున్నాను.

"గట్ల మీదవడి అడిగితె ఎట్ల జెప్తడే పాపం?" అన్నారు ఆంటీ నాతో. "నేను మీ అంకుల్ పేరు ఎన్నడన్న నోట్లెకెళ్ళి తీసిన్నా? మొన్న మందుల షాపుల అడిగితె ఇంటి నంబర్ జెప్పిన."

"అందుకే పక్కింటాయన మందులు తెచ్చినవ్" అన్నారు అంకుల్, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆంటీ ఆ మాట పట్టించుకోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులో మాస్టారిని నెమ్మదిగా అడిగారు. "పేరు వద్దు అన్నా. ఆ పేరు ఇంకెవరికన్న ఉన్నదా? దేవుళ్ళకు, పెద్దోళ్ళకు?" మాస్టారి మొహం విచ్చుకుంది. అలా అడిగినవాళ్ళు అంతవరకూ లేరు మరి. "ఉంది. వరద ముంచెత్తినప్పుడు పెద్ద పడవ కట్టి, జంతువులన్నిటినీ ఎక్కించుకున్నాయన" అన్నారు.

"మత్స్యావతారమా?" అన్నారు ఆంటీ.

నేను చదివింది కాన్వెంటులో. "నోవా" అన్నాను. మాస్టారు చప్పున తల తిప్పుకుని, గోడమీది క్యాలెండర్‌ని ఆసక్తిగా చూడసాగారు. అదే పేరని అర్థమైపోయింది. ఇక చేసే పని అడిగితే, "బండ్లకు చక్రాలు మారుస్తాడు" అని ఏ ఇబ్బందీ లేకుండా చెప్పారు. మొదటి మంచు పడ్డ వారం, మంచు టైర్లు వేయించుకునేవాళ్ళతో ఊళ్ళో ప్రతి టైర్ల షాపూ కిటకిటలాడుతోంది. ఆంటీ, నేనూ చెరో ఫోను పట్టుకున్నాం. కెనడాలో నోవాలు ఇంతమంది ఉంటారని నేనెన్నడూ అనుకోలేదు. ఒక నోవా ఆ రోజు సెలవు. ఒక నోవా ఫోను తీసుకుని, తనవల్ల ఏమైనా తప్పు జరిగిందా అని వణుకుతూ అడిగాడు, గొంతు చూస్తే ఇంకా మీసాలు రానట్టుంది. ఆ తర్వాతి షాపులో ఆంటీ, "మీ నోవా ఏ దేశపాయన?" అని అడిగి, జవాబు విని, ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నావైపు తిరిగారు. "దొరికిండు. చెప్పులేసుకోండ్రి" అన్నారు. తనూ కోటు తొడుక్కున్నారు. పేరు పెట్టేటప్పుడు పెద్దముత్తయిదువ ఒకరుండాలట.

షాపులో కార్లన్నీ గాల్లోకి లేచి ఉన్నాయి. వాటిలో ఒకదాని కిందనుంచి నల్లటి గ్లౌజులతో ఒక మనిషి బయటికొచ్చి, మాస్టారిని చూసి, చేతిలోది కింద పెట్టాడు. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు అనలేదు. చేతులు పట్టుకున్నారు, తర్వాత నడుములు పట్టుకున్నారు, తర్వాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. నేను ఏడాదికి పైగా ఇయర్‌ఫోన్లలో విన్న భాష అది. రోజూ దాని క్రియలమీద గుర్తులు పెట్టిన మనిషిని. కానీ టేపునైతే ఆపి, వెనక్కి తిప్పి వినవచ్చు. మనుషుల్ని ఆపడం కుదరదు. క్రియలు పిట్టల గుంపులాగా నా నెత్తిమీంచి వెళ్ళిపోతున్నాయి. ఆంటీ నా మోచెయ్యి పొడిచి, "ఏమంటున్నరే? నీకు వస్తదంటివి గదా" అన్నారు. అతికష్టం మీద ఒకదాన్ని పట్టుకున్నాను. "వచ్చాడంటున్నారు ఆంటీ" అన్నాను. "అది నాక్గూడ కనవడ్తుంది" అన్నారు ఆవిడ.

పాప సంగతి విన్నాక అతను గ్లౌజులు తీసేసి, వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాడు. బావ ముందు నిటారుగా నిలబడి, కాసేపు కళ్ళు మూసుకుని, ఒక పేరు చెప్పాడు. మాస్టారు సంతోషిస్తారనుకున్నాను. ఆయన మొహం వాడిపోయింది. పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. బావమరిది ఆయన్ని చూసి, ఒక్క క్షణం ఆలోచించి, నుదురు కొట్టుకున్నాడు. మాకు ఇంగ్లీషులో చెప్పాడు. "మా నాయనమ్మ పేరు చెప్పాను. చిన్నప్పుడే అనుకున్నాను, అక్కకు కూతురు పుడితే ఆ పేరే పెడదామని. కానీ ఆ పేరు బావ పలకకూడదు. ఇక్కడ ఉండి ఉండి మరిచిపోయాను. కూతుర్ని జన్మంతా 'ఓయ్' అని పిలవాల్సి వచ్చేది." ఆ మాటకు ముందు మాస్టారే నవ్వారు. తర్వాత అతను నవ్వాడు. ఆంటీ అయితే టైర్ల దొంతరకు ఆనుకుని, కొంగు లేదు కాబట్టి స్కార్ఫ్‌తో కళ్ళు ఒత్తుకున్నారు. కార్ల కోసం కూర్చున్నవాళ్ళు ఫోన్లలోంచి తలలెత్తి చూశారు.

కానీ నవ్వు ఆగాక అతను తల వంచుకుని, కడిగిన చేతుల్నే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఏళ్ళతరబడి దాచుకున్న పేరు ఒకటి చేజారింది మరి. షాపు యజమాని రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళాడు. చివరికి అతను మెల్లగా ఇంకో పేరు చెప్పాడు. తెల్లవారుతుండగా వాళ్ళ లోయలో కూసే ఒక పిట్ట పేరట. మాస్టారు దాన్ని ఒకసారి లోలోపల అనుకుని, పైకి అన్నారు. నాలుక ఎక్కడా తడబడలేదు. మళ్ళీ, ఈసారి గట్టిగా, కూతురు ఆ మూల ఎక్కడో ఆడుకుంటున్నట్టు పిలిచారు. బావమరిది వెనక్కి తిరిగి, గ్లౌజుల కోసం అవసరమైనదానికంటే ఎక్కువసేపు వెతుక్కున్నాడు.

ఆంటీని ఇంట్లో దింపి, మేం విమానాశ్రయానికి బయల్దేరాం. దారంతా మాస్టారు ఆ పేరు రకరకాలుగా పలికి చూసుకున్నారు. ముద్దుగా పిలిచేది, అన్నానికి పిలిచేది, కోప్పడేది. నన్నూ అనమన్నారు. అన్నాను. "దగ్గరకొచ్చింది" అన్నారు మర్యాదకు. ఆ పేరు ఇక్కడ రాయను. నేను రాస్తే తప్పే రాస్తాను. లోపలికి వెళ్ళబోతూ ఆయన తన పొడవాటి పై కోటు విప్పి నాకిచ్చి, మా లోయలో దీనితో పనిలేదు, నువ్వు తొడుక్కో అన్నారు. అది నాకు మోకాళ్ళ కిందికి వచ్చింది.

ఒక్కదాన్నే విండ్సర్‌కి తిరిగొస్తూ, హైవే పక్కన కాఫీ కోసం ఆగాను. నాకు ఉన్నట్టుండి మా చిన్నమామతో మాట్లాడాలనిపించింది. అక్కడ ఇంకా తెల్లవారలేదు గాని, పాలు పిండే వేళకు ఆయన లేచే ఉంటాడు. ఫోనెత్తి, "ఏమ్మా, ఇంత పొద్దున్నే? బాగుండావా?" అన్నాడు. వెనక గేదె అరుస్తోంది.

"బాగుండా మామా. నాకీ పేరు ఎందుకు పెట్టినావు?"

ఆయన గేదెను అదిలించాడు. "ఇప్పుడెందుకులేమ్మా అయ్యన్నీ."

"సెప్పు మామా."

"ఆ ఏడు మన గేదె కట్టింది. పెయ్య పుడితే పిలుచుకుందామని మంచి పేరొకటి అనుకుని పెట్టుకుంటి. దున్న పుట్టె. ఆ వారమే నువ్వు పుడితివి. పేరు ఊరికే పోతాదెందుకులే అని..." అని ఆగాడు. "శానా దినాలు ఆలోచించిన పేరమ్మా అది. పిలిస్తే నోటికి బాగుంటాది."

ఇంకేమో చెప్పబోతున్నాడు. నేను "సరేలే మామా" అని పెట్టేశాను. పిట్టల పేర్లూ నాయనమ్మల పేర్లూ విన్న రోజున, నాది దున్న పుట్టడం వల్ల మిగిలిపోయిన పేరని తెలిసి, మోకాళ్ళ కిందికి జారిన కోటులో ముడుచుకుని, చాలాసేపు ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు రిచ్‌మండ్ హిల్‌లో ఉంటున్నాను. ఆఫీసులో ఎవరైనా నా పేరుకు అర్థం అడిగితే నిఘంటువులో ఉన్నదే చెబుతాను. వాళ్ళు వెళ్ళాక నాకు నవ్వొస్తుంది. మామ పోయి కొన్నేళ్ళయింది. ఆ పేరును ఆయన పిలిచినట్టు సాగదీసి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. హైవే పక్కన కారులో కూర్చున్న ఆ అమ్మాయి గనక నాకు కనిపిస్తే, కాఫీ చల్లారితే చల్లారనీ, ఆయన ఇంకేదో చెప్పబోతున్నాడు, ఫోను అప్పుడే పెట్టెయ్యకు అని చెప్పాలనిపిస్తుంది.